మా వైఫైలో ఏడో పేరు

ముందే చెప్పేస్తున్నాను. ఆ ఏడో పేరు మా ఆయనది. సర్దార్ పరీక్షకు ఆయన చదువుకుంటున్న ఫోన్ అది. పరీక్ష ఇంకా పది రోజులు ఉందనగా దానికి నెట్ అందకుండా ఆపింది నేను. తెలిసి ఆపలేదు, కానీ ఆపింది మాత్రం నేనే. చదివేవాళ్లను చివరిదాకా ఊరించడం నాకు నచ్చదు. తికమక నేను పడ్డది చాలు, మీకెందుకు.

నేను బొగ్గు బాయి మీద ల్యాంప్ రూంలో పని చేస్తాను. కళ్లు దెబ్బతిని మా బాపు పనిలోంచి దిగిపోతే ఆ కొలువు నాకు వచ్చింది. బాయిలోకి దిగే ప్రతి మనిషికీ హెల్మెట్‌కు పెట్టుకునే లైటు ఇస్తాను. అతని నంబరు బిళ్ల తీసుకుని బోర్డు మీద మేకుకు తగిలిస్తాను. షిఫ్టు అయ్యాక లైటు తీసుకుని బిళ్ల తిరిగి ఇస్తాను. మేకుకు ఒక్క బిళ్ల మిగిలినా ఒక మనిషి ఇంకా కిందనే ఉన్నాడని అర్థం. ఆ మనిషి పైకి వచ్చేదాకా నేను కుర్చీ వదలకూడదు. ఒక మనిషికి ఒక నంబరు, ఒక లైటు. ఎంత పెద్ద ఆఫీసరైనా రెండు లైట్లు తీసుకుని దిగడు. ఇరవై ఏళ్లకు పైగా నా బుర్రలో ఈ లెక్కే తిరుగుతోంది. చెడింది కూడా ఈ లెక్క వల్లే.

మా ఆయన అదే బాయిలో కింద పని చేస్తాడు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా ఆనుడు పెట్టే పని. సర్దార్ అంటే ఆ జాగా మొత్తానికి పెద్ద. గ్యాసు ఉందా లేదా, కప్పు గట్టిగా ఉందా లేదా చూసి, మనుషులను లోపలికి పంపాలా వద్దా అని చెప్పేది సర్దారే. మా ఆయనకు ఆ పని మీద మోజు. పెళ్లయ్యాక పదో తరగతి పాసైంది కూడా ఆ పరీక్ష కోసమే. రెండుసార్లు వెళ్లాడు, రెండుసార్లూ తప్పాడు. తెలియక కాదు. బల్లకు అవతల ఆఫీసర్లు కూర్చుని ప్రశ్న అడిగేసరికి నోరు పెగలదట.

రెండోసారి తప్పి వచ్చిన రోజు నల్లా దగ్గర మా క్వార్టర్ల లైను ఆడవాళ్లంతా ఉన్నారు. నా నోరు ఊరుకుంటే కదా. "సర్దార్ గారు వస్తున్నరు, జరుగుండ్రి. ముందుగల ఆయన బిందె పెట్టుండ్రి" అన్నాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. ఆ రాత్రి అన్నం తింటూ, "ఇగ నాతోని కాదు, ఇడిసిపెట్టిన" అన్నాడు. నేను నమ్మాను. నేను మాట అనేసి మరిచిపోయే మనిషిని. ఎదుటివాళ్లు కూడా మరిచిపోతారనుకోవడం నాకున్న జబ్బు.

ఇక వైఫై సంగతి. మా అమ్మాయి హైదరాబాద్ కంపెనీకి ఇంట్లోంచే పని చేస్తుంది. సెంటినరీ కాలనీలో మా క్వార్టర్ ముందు గదే ఆమె ఆఫీసు. ఆ మధ్య మీటింగులో ఉండగానే నెట్ ఆగిపోవడం మొదలైంది. తెర మీది మనిషి నోరు తెరిచినవాడు తెరిచినట్టే నిలబడిపోయేవాడు. మా అమ్మాయి లోపలికి వచ్చి నా మీద అరిచేది, నేనేదో వంటింట్లోంచి దాని గొంతు పిసికినట్టు. వారం రోజులు భరించి, వైఫై పెట్టిన కేబుల్ అతన్ని పిలిచాను. అతను డబ్బా లైట్లు చూశాడు, వైరు కదిపాడు, చివరికి నా ఫోన్‌లో ఒక యాప్ వేసి ఇచ్చాడు.

"అక్కా, మీ వైఫై ఎవరెవరు వాడుతున్నరో గిండ్ల కనబడ్తది. తెల్వనోళ్లు ఉంటే బ్లాక్ అని ఒత్తుండ్రి. ఇగ రారు."

"ఇప్పుడు ఎంతమంది ఉన్నరు?"

"లోపల ఉన్నయి, వచ్చిపోయినయి కలిపి ఏడు."

"మేం ఇంట్ల ముగ్గురమే గద."

"మనుషులు గాదక్కా, డివైజులు."

మనుషులు కానప్పుడు హాజరు తీయడమెందుకో నాకు అర్థం కాలేదు. అయినా ఆ జాబితా చూడగానే నాకు చేతులు దురద పెట్టాయి. హాజరు పట్టీ కనబడితే ఊరుకునే మనిషిని కాను నేను. కిందటి నెల క్యాలెండర్ కాగితం చించి, వెనక్కి తిప్పి, ఏడు గీతలు గీశాను.

ఒకదానికి టీవీ కంపెనీ పేరు ఉంది. ఒకటి ల్యాప్‌టాప్ అని తెలుస్తోంది. మిగిలిన ఐదింటిలో రెండింటికి ఫోన్ కంపెనీల పేర్లున్నాయి. మూడింటికి పేరే లేదు. రెండు రెండు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, మధ్యలో చుక్కలు. ఇంటి పేరూ ఊరి పేరూ లేకుండా అలా చుక్కలతో తిరిగేవాళ్లను నేను మొదటిసారి చూస్తున్నాను. టీవీ మనిషి కాదు కాబట్టి కొట్టేశాను. ల్యాప్‌టాప్ మా అమ్మాయి కంపెనీ వాళ్లది, అదీ మనిషి కాదు, కొట్టేశాను. ఇంట్లో ముగ్గురం, ముగ్గురికి మూడు ఫోన్లు. మరి ఐదు ఎందుకున్నాయి?

ఆ సాయంత్రం ఇంట్లో అందరి ఫోన్లూ ఒక్కొక్కటిగా ఆపించి చూశాను. మా అమ్మాయిది తేలింది, టిక్కు పెట్టాను. మా ఆయనది తేలింది, టిక్కు పెట్టాను. మిగిలిన మూడింటిలో ఒకటి మరీ దొంగలా అనిపించింది. ఎప్పుడు చూసినా లోపలే ఉంటోంది. బ్లాక్ ఒత్తాను. ఒత్తగానే నా ఫోన్‌లో నెట్ పోయింది.

నన్ను నేనే గెంటేసుకున్నానని మా అమ్మాయి చెప్పేదాకా నాకు తెలియలేదు. తన ల్యాప్‌టాప్‌లోంచి ఏదో చేసి నన్ను మళ్లీ లోపలికి తీసుకుంది, జాబితాలో ఇంకో చుక్కల నంబరు కూడా నా ఫోన్‌దేనని చెప్పింది. "అమ్మా, నీకు దండం పెడ్త, నాకు మీటింగ్ ఉన్నది, నువ్వు దాన్ని ముట్టకు" అంది. సరే అని కేబుల్ అతనికి ఫోన్ చేశాను. నా ఒక్క ఫోన్ రెండు నంబర్లతో ఎందుకు కనబడుతోందని అడిగాను.

"కొత్త ఫోన్లు గంతే అక్కా. వాటి అసలు నంబరు చెప్పయి. మీరు వైఫై తీసేసి మళ్ల కలిపినప్పుడు ఇంకో నంబరు చెప్తయి. మనల్ని ఎవలు గుర్తువట్టకుండ."

"నా ఇంట్ల నన్ను గుర్తువడ్తే ఏమైతది?"

అతను నవ్వి ఫోన్ పెట్టేశాడు. నాకు నవ్వు రాలేదు. మా ల్యాంప్ రూం కిటికీ దగ్గరికి రోజుకో నంబరు చెప్పుకుంటూ ఎవడైనా వస్తే వాణ్ణి నేరుగా మేనేజర్ దగ్గరికి పంపిస్తాను. అసలు నంబరు దాచుకోవడం మంచి గుణం ఎప్పటి నుంచి అయిందో నాకు ఇప్పటికీ అంతు పట్టలేదు.

ఆ లెక్కన ఆరు తేలాయి. ఏడోది మిగిలింది. దానికి పేరు లేదు, కానీ నంబరు మాత్రం ఎన్నడూ మార్చలేదు. ఒక గంట వచ్చేది, పోయేది. ఆలోచిస్తే, ఆ జాబితాలో దాపరికం లేకుండా వచ్చిపోతున్నది అదొక్కటే. నేను దాన్నే దొంగ అన్నాను.

మూడు వారాలు దానికి హాజరు వేశాను. ఆ యాప్‌లో ఏది ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు పోయింది అన్నీ పడతాయి. ల్యాంప్ రూంలో కూర్చుని కూడా చూడొచ్చు. మొదటి వారం సాయంత్రం ఐదింటికి వచ్చి ఆరింటికి పోయింది. రెండో వారం పొద్దున పదింటికి వచ్చి పదకొండింటికి పోయింది. మూడో వారం మళ్లీ సాయంత్రం. మా అమ్మాయికి చూపిస్తే ఆమెకేమీ తెలియలేదు. కేబుల్ అతనికి చెబితే అతనికీ తెలియలేదు. నాకు మాత్రం చూసీ చూడగానే తెలిసిపోయింది. మొదటి షిఫ్టు చేసిన వారం సాయంత్రం ఖాళీ. రెండో షిఫ్టు వారం పొద్దున ఖాళీ. నైట్ షిఫ్టు వారం పగలు పడుకుని లేచి సాయంత్రం ఖాళీ. ఇది మా బాయి మనిషి. పైగా బీ రిలే అనే జట్టు మనిషి. మూడు రిలేల మనుషులు ఏ వారం ఏ షిఫ్టులో దిగుతారో నాకు నోటికి వచ్చు. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

మా వైఫై అందేంత దగ్గరలో బీ రిలే మనుషులు ఇద్దరే. ఒకరు పక్క క్వార్టర్ అతను. రెండోది మా ఆయన. మా ఆయన ఫోన్‌కు ఎప్పుడో టిక్కు పడింది కదా. ఒక మనిషికి ఒక నంబరు. ఇంకో ఫోన్ ఉండొచ్చన్న ఆలోచన ఆ మూడు వారాల్లో నాకు ఒక్కసారీ రాలేదంటే మీరు నమ్మాలి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు వెతికాను.

కళ్లెదుటే కనబడేది. సాయంత్రం ఐదయ్యేసరికి ఆయన పెరట్లోకి పోయేవాడు. చిక్కుడు పాదుకు నీళ్లు పోసి వస్తానని. ఒక్క చిక్కుడు పాదుకు గంటసేపు నీళ్లు పోసే మనిషిని ఎక్కడైనా చూశారా? నేను రోజూ చూశాను. పాదు చాటున పెదవులు కదుపుతూ ఏదో గొణుక్కునేవాడు. వయసు మీద పడుతోంది, చెట్లతో మాట్లాడుతున్నాడనుకున్నాను.

క్యాలెండర్ కాగితం గోడకు అంటించి ఉండేది. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి చాలాసేపు దాని ముందు నిలబడ్డాడు.

"గీ ఏడో దాన్ని ఏం జేస్తవ్?" అన్నాడు.

"పట్టుకుంట."

"పట్టుకోని?"

"కట్ చేస్త. ఏం జేస్త మరి, బొట్టు పెట్టి పిలుస్తనా?"

ఆయన తల ఊపి, చెంబుతో నీళ్లు తాగి బయటికి వెళ్లాడు. మరునాడే బ్లాక్ ఒత్తాను. ఈసారి నా ఫోన్‌లో నెట్ పోలేదు, మా అమ్మాయిదీ పోలేదు. గెలిచినట్టే అనిపించింది. అన్నాల దగ్గర గట్టిగా చెప్పాను.

"దొంగ దొరికిండు. ఎవలో నాకు తెలుసు. నా మంది నడుమనే ఉండుకుంట గిన్ని దినాలు నన్ను ఎడ్డిదాన్ని చేసిండు. సిగ్గుంటే వచ్చి తనే చెప్తడు."

మా అమ్మాయి ఫోన్ చూసుకుంటోంది. మా ఆయన ముద్ద కలుపుతున్నవాడు కలుపుతూనే ఉండిపోయాడు. అన్నం మీద ఇష్టం లేదేమో అనుకున్నాను.

ఆ తెల్లారి నల్లా దగ్గర పక్క క్వార్టర్ ఆమెను పట్టుకున్నాను. పదిహేనేళ్లుగా ఆ ఇంటికీ మా ఇంటికీ గోడ మీదుగా కూర గిన్నెలు తిరుగుతున్నాయి. నన్ను నోరారా అక్కా అంటుంది.

"మా వైఫై మంచిగ తియ్యగున్నదా?" అన్నాను.

"ఏం మాట్లాడుతున్నవక్కా? నాకు సమజైతలేదు."

"గుమ్మడికాయల దొంగ అంటే నువ్వెందుకు భుజాలు తడుముకుంటున్నవ్?"

బిందె సగం నిండకుండానే ఎత్తుకుని వెళ్లిపోయింది. సాయంత్రం ఆమె భర్త మా గుమ్మంలోకి వచ్చి తన ఫోన్ నా చేతిలో పెట్టాడు. "చూసుకో వదినా. మీ వైఫై పేరు నా ఫోన్ల ఎన్నడు లేకుండె" అన్నాడు. ఎక్కడ చూడాలో, ఏం చూడాలో నాకు తెలియదు. అటు తిప్పాను, ఇటు తిప్పాను. అతను మా ఆయన వైపు చూశాడు. మా ఆయన తల అడ్డంగా ఊపి కింద చూశాడు. నా నోటికి సిగ్గుపడుతున్నాడనుకున్నాను. నిజంగా సిగ్గుపడాల్సిన సంగతే కాబట్టి అందులో నాకు వింతేమీ కనబడలేదు. ఫోన్ తిరిగి ఇచ్చేశాను. అతను వెళ్లిపోయాడు. ఆ ఇంటి కూర గిన్నె ఆ రోజు నుంచి ఆగిపోయింది.

మా అమ్మాయి నెట్ మాత్రం పోవడం మానలేదు. దొంగను పట్టుకున్నాక కూడా ఎందుకు పోతోందో అర్థం కాక మళ్లీ కేబుల్ అతన్ని పిలిస్తే, బయట స్తంభం దగ్గర అతుకు వదులైందని చెప్పి పది నిమిషాల్లో బిగించి పోయాడు. ఏడో పేరుకూ దానికీ ఏ సంబంధమూ లేదట. అప్పుడైనా బ్లాక్ తీసేసి ఉంటే పరీక్షకు ఇంకా నాలుగు రోజులుండేవి. తీయలేదు. దొంగ దొంగే కదా అనుకున్నాను.

పరీక్ష రోజు బీ రిలేకు మొదటి షిఫ్టు. అది పరీక్ష రోజని నాకు తెలియదు. మా ఆయన లైనులో అందరితో పాటు కిటికీ దగ్గరికి వచ్చి బిళ్ల ఇచ్చాడు. నేను లైటు ఇచ్చాను. తీసుకున్నాక కూడా కదలలేదు.

"ఏంది?" అన్నాను.

"ఏం లేదు."

"ఏం లేకపోతే జరుగు, ఎనుక మంది ఉన్నరు."

జరిగాడు. ఆయన బిళ్ల మేకుకు తగిలించి వెనకున్న మనిషి బిళ్ల అందుకున్నాను. పక్క క్వార్టర్ అతని మేకు ఆ రోజు ఖాళీగా ఉంది. సెలవు పెట్టాడేమో అనుకున్నాను, అంతకన్నా పట్టించుకోలేదు.

సాయంత్రం అతను ఇస్త్రీ చొక్కాతో నేరుగా మా ఇంటికే వచ్చాడు. నాతో మాటలు లేకపోయినా వచ్చాడు. గుమ్మం దాటలేదు.

"అన్న ఏడి వదినా? ఇయ్యాల పరీక్షకు ఎందుకు రాలే?"

"ఏం పరీక్ష?"

"సర్దార్ పరీక్ష. ఇద్దరం గల్సి ఫీజు కట్టినం గద. పది దినాల సంది క్లాసుకు గూడ లేకపాయె. బాయిల అడిగితే నేరుగ పరీక్షకే వస్తనన్నడు."

క్లాసు ఏమిటో అతనే చెప్పాడు. మందమర్రిలో ఒక రిటైర్డ్ ఓవర్‌మన్, అంటే సర్దార్లకు పై పెద్ద, ఫోన్ వీడియోలో చెబుతాడట, ఏ షిఫ్టువాళ్లకైనా కుదిరేటట్టు పొద్దున పదింటికి ఒకసారి, సాయంత్రం ఐదింటికి ఒకసారి. ఒక్కొక్కణ్ణి పేరు పెట్టి ప్రశ్నలు అడుగుతాడట, ఆఫీసర్ల ముందు నోరు పెగలడానికి. "మొదట్ల అన్న మాట్లాడకపోతుండె. తర్వాత అందరికన్న మంచిగ చెప్తుండె" అన్నాడు. పదింటికి, ఐదింటికి అన్న మాట దగ్గరే నా చెవులు ఆగిపోయాయి. గోడ మీద కాగితం అలాగే ఉంది, నా చేతిరాతతో.

పెరట్లోకి వెళ్లాను. మా ఆయన పాదు దగ్గర ఉత్తగా కూర్చుని ఉన్నాడు.

"ఆ ఫోన్ నీదా?"

"బిడ్డ పాతది. అద్దం పగిలిందని పక్కన పడేసింది గద. దాంట్ల సిమ్ము లేదు. వైఫై ఉంటేనే నడుస్తది."

"నీ ఫోన్ల ఎందుకు చూడలేదు?"

"నా ఫోన్ నువ్వు రోజు చూస్తవ్."

అది నిజం. చూస్తాను. ఎందుకు చూస్తానో నాకే తెలియదు, అలవాటు.

"మరి కట్ అయినంక నాకెందుకు చెప్పలే? నాకు తెల్వదు గద, నీదని నాకు తెల్వదు."

ఆయన నా ముఖంలోకి చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. నమ్మాలా వద్దా అన్న అనుమానం ఉంది.

"తెలుసన్నవ్ గద, అన్నం కాడ. సిగ్గుంటే చెప్పమన్నవ్. నా చదువు నీకు ఇష్టం లేదనుకున్న. ఇంటి దానికి ఇష్టం లేంది ఎందుకని ఊకున్న."

పది రోజులు. అదే ఇంట్లో, అదే మంచం మీద, నేను తెలిసే ఆపానని అనుకుంటూ తిరిగాడు ఈ మనిషి. ఒక్క మాట అడిగితే తేలిపోయేది కదా అని నాకు ముందు ఆయన మీదే మండింది. తర్వాత, అడగడానికి నా నోరు ఏ మనిషికైనా సందు ఇస్తుందా అన్నది తోచింది. ఏడుపు వచ్చింది. ఏడిస్తే ఆయన నన్ను ఓదార్చాల్సి వస్తుందని ఆపుకున్నాను. ఫోన్ తీసి బ్లాక్ తీసేశాను. ఆయన దాని వైపు చూడను కూడా చూడలేదు.

"మళ్ల పరీక్ష ఎప్పుడు?" అన్నాను.

"ఏమో. పెట్టినప్పుడు."

"పుస్తకం తే."

"ఎందుకు ఇప్పుడు?"

"తే అంటే తే."

సైకిల్ సంచిలోంచి పొడుగు నోటుబుక్కు ఒకటి తెచ్చాడు. ప్రశ్నలన్నీ తన చేతిరాతతో, వరసగా, ఒక్కో దాని కింద జవాబు. నేను గట్టు మీద కూర్చున్నాను. ఆయన నా ఎదురుగా నిలబడ్డాడు, ఎందుకో కూర్చోలేదు.

"కప్పు గట్టిగ ఉన్నదో లేదో ఎట్ల జూస్తవ్?"

"కట్టెతోని కొట్టి చూస్త. ఖణ్మని పలికితే గట్టిగున్నట్టు. బోలుగ పలికితే లోపట పొర ఇడిసినట్టు. గప్పుడు ఎవ్వల్ని కిందికి రానియ్య."

"గ్యాసు కనబడితే?"

"ముందుగల మనుషులను బయటికి తీస్త. తోవకు అడ్డం కడ్త, ఎవ్వలు పోకుండ. గాలి ఎందుకు తగ్గిందో చూస్త. పైకి కబురు పంపుత. గాలి సాఫ్ అయ్యిందని చూసినంకనే మళ్ల లోపటికి పంపుత."

ఎక్కడా ఆగలేదు. నేను పేజీలు తిప్పి నడుమలోంచి అడిగాను, చివర్లోంచి అడిగాను, వరస తప్పించి అడిగాను. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి తప్పు చెప్పినా నా పాపం కొంచెం తగ్గేది. పరీక్షకు పోయినా ఎట్లాగూ తప్పేవాడేలే అని సర్దిచెప్పుకునేదాన్ని. మొగుడు తప్పు చెప్పాలని అంతగా మొక్కుకున్నది నేనొక్కదాన్నే అయ్యుంటాను. తప్పు చెప్పలేదు. నా ముఖంలోకి సూటిగా చూస్తూ, ఆఫీసరుకు చెప్పినట్టు, అన్నీ చెప్పాడు.

"ఇంక ఉన్నయా?" అన్నాడు.

నోటుబుక్కులో ప్రశ్నలు అయిపోయాయి. నేను ఇంకా పేజీలు తిప్పుతూనే ఉన్నాను.